వాపసొచ్చిన ఒడిబియ్యం

సరిత ఆఫీసు నుంచి నాచారంల తల్లిగారింటికి పొయ్యేసరికి, అరుగు మీద పసుపు బియ్యం మూట కనబడ్డది. పక్కన ఆవకాయ సీసా. తల్లి రుక్కమ్మ గోడకు ఆనుకొని ఏడుస్తున్నది.

"మీ అత్త వాపసు పంపింది బిడ్డా. అల్లుడే తెచ్చి పెట్టి పోయిండు."

సరిత మూట ముట్టి సూసింది. మొన్న ఆదివారమే గదా, పెండ్లయిన మూడో ఏడని ఇదే ఇంట్ల ఒడిబియ్యం పోసిన్రు! బియ్యంల పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, రైకగుడ్డ పెట్టి, ముత్తైదువలంత దోసిళ్ళతోని ఆమె ఒడి నింపిన్రు. ఆ బియ్యం అత్తగారింట్ల వండి నలుగురికి పెట్టాలె. వాపసు పంపుడంటే బిడ్డనే వాపసు పంపినట్టు. ఎవ్వలన్న జేస్తరా గసుంటి పని?

"ఇగ ఉప్పల్ల మీ అత్త గడప నేను తొక్క. నువ్వు గూడ ఈడనే ఉండు," అన్నది రుక్కమ్మ.

"ఉండ. అది నా ఇల్లు. ఈ బియ్యం ఇయ్యాల్నే ఆడ ఉడుకుతయి, నువ్వొచ్చి తింటవు."

"నేనస్సలు రాను."

"నువ్వు రాకుంటే నేను ముద్ద ముట్ట. సూడు మరి!"

మూటను స్కూటీల కాళ్ళకాడ పెట్టుకోని, ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్‌ను తిట్టుకుంట ఇల్లు జేరింది. తలుపు తీసిన మొగుడు గౌతమ్ మూటను సూసి తల వంచుకున్నడు.

"మొన్న నా పక్కన పీట మీద కూసున్నవు గదా? నీకు తెల్వదా ఇదేందో?"

"తెలుసు. అమ్మ పంపమంది. కాదంటే బాధపడుతుందని..."

"ఎవ్వల మనసూ నొప్పియ్యొద్దు నీకు! మా అమ్మది మనసు గాదా?"

ఆ మాటలకు అత్త కమలకుమారి వంటింట్ల నుంచి వచ్చింది. కాకినాడ నుంచి వచ్చి ముప్పై ఏండ్లయినా, ఒడిబియ్యం పోసుడు ఆమె ఎన్నడూ సూడలే.

"అయ్యో, ఇంత బరువు మోసుకొచ్చావా! మీ అమ్మగారికే ఉంటాయని, ఆవకాయ కూడా పెట్టి పంపించానమ్మా. మా అత్తగారు మా అమ్మ తెచ్చినవన్నీ వీధిలో అందరికీ చూపించి, ఇంతేనా అని బతికున్నన్నాళ్ళూ దెప్పింది. నా కోడలి పుట్టింటి నుంచి గింజ కూడా తీసుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను."

సరిత కోపం సగం దిగిపోయింది. ఇంత ప్రేమను ఎట్ల తిట్టాలె? గని ఏడుస్తున్న తల్లి కండ్ల ముందల మెదిలింది.

"మీరు తీసుకోకపోవుడు నా మీద ప్రేమే అత్తమ్మా. మా అమ్మకు మాత్రం ఇచ్చుడే ప్రేమ. వాపసు పంపితే నన్నే వద్దన్నట్టు."

కమలకుమారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. "ఎంత పని చేశాను!"

సరిత మొగుని దిక్కు తిరిగింది. "మూటను తీస్కపోయినవు గదా, ఇప్పుడు మా అమ్మను తీస్కరా. ఏం జెప్తవో నువ్వే జెప్పు. నేను రాను."

గౌతమ్ చెప్పులేసుకున్నడు. తాళాలు తీసుకోని పోయిండు.

ఎంతసేపటికీ రాకపాయె. సరిత ఎసరు పెట్టలే, కూసోలే. అమ్మ రాకుంటే ఏమైతదో ఆమెకే తెల్వదు. ఆఖరికి గేటు సప్పుడైంది. రుక్కమ్మ మొఖం ముడుసుకోనే దిగింది.

"అల్లుడు మా అరుగు మీద కూసున్నడే. తప్పు నాది, మా అమ్మది గాదు, నువ్వు రాకుంటే నేను గూడ ఇంటికి పోనన్నడు. లేపితే లేస్తలేడు," అని బిడ్డ చెవుల గొణిగింది.

సరితకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చినయి.

కమలకుమారి గడప కాడికి ఎదురొచ్చి, చీరె కొంగు చాపింది. "తెలీక చేశాను వదినగారూ. మళ్ళీ మీ చేత్తోనే పొయ్యండి."

రుక్కమ్మ చెప్పులు ఇడిసి గడప దాటింది. అటెన్క మూట విప్పి దోసెడు పోసింది. కమలకుమారి చీరె పసుపైంది, కండ్లు నిండినయి. కోడలి తల్లిగారింటి గింజ తీసుకోనన్న మనిషి, కొంగు ఇంకా వెడల్పు చాపింది.

"ఇంకో దోసెడు పొయ్యండి."