మెట్లు దిగేంత వ్యవధి

మిమ్మల్నే అంటున్నాను. చల్లటి గదుల్లో కూర్చుని, ఈసారి ఇంకా వేగంగా పోతుంది, చప్పుడు కూడా రాదు అని ఒకరి భుజం ఒకరు తట్టుకున్నవాళ్ళని. అది ఎంత దూరం ఎగురుతుందో కొలిచారు. ఎంత పేలుడు మందు మోస్తుందో తూచారు. మోకాళ్ళు పట్టేసిన ఒక ముసలామెకి మూడో అంతస్తు నుంచి నేలమాళిగలోకి దిగడానికి ఎంతసేపు పడుతుందో మీలో ఒక్కడైనా కొలిచాడా? ఆ ఒక్క కొలతతోనే బతుకంతా గడిపిన మనిషి గురించి చెబుతున్నాను. కదలకుండా వినండి.

ఆ ఉదయం, పేటంతా కూతాయన అని పిలిచే ఆ మనిషి సైరన్‌కి గ్రీజు పెడుతున్నాడు. నీళ్ళ ఆఫీసు డాబా మీద ఇనప కాళ్ళపై నిలబెట్టిన పాత చేతి సైరన్ అది. కడుపు ఉబ్బిన డబ్బాలా ఉంటుంది, పక్కన ఒక పిడి. పిడి తిప్పితే లోపల రెక్కల చక్రం తిరిగి పేట మొత్తానికీ కూత వినపడుతుంది. ఏళ్ళ తరబడి తిప్పీ తిప్పీ ఆయన కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి వాలిపోయింది. చెవుల్లో ఎప్పుడూ దూది. గోళ్ళ కింది నలుపు ఏ సబ్బుకీ లొంగలేదు. ఆయన అసలు పేరు జీతం ఇచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

సైరన్ లోపల పళ్ళ చక్రానికి ఒక పన్ను విరిగి చాలాకాలమైంది. కొత్తది పంపమని అడిగి అడిగి నోరు నొప్పెట్టి ఊరుకున్నాడు. అందుకని మొదట ఒక అరతిప్పు, ఆగి ఇంకో అరతిప్పు తిప్పి బుజ్జగిస్తే గానీ చక్రం దారిలో పడదు. రెండు చిన్న మూలుగులు, ఆ తర్వాత అసలు కూత. పేటలో అందరూ ఆ మూలుగులకే లేచేవాళ్ళు.

గ్రీజు పూస్తూ ఆయన తనలో తనే గొణుక్కుంటున్నాడు. పొద్దున్నే అక్కతో పోట్లాట అయింది. పెళ్ళీ పెటాకులూ లేని తమ్ముడు, ఎప్పుడో మొగుణ్ణి పోగొట్టుకున్న అక్క, ఇద్దరూ ఒకే ఇంట్లో ముసలివాళ్ళయ్యారు.

"అక్కా, ఇకనుంచి ఫోనులో హెచ్చరిక మోగితే దిగు" అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"అది నిన్న కాకిని చూసి మోగింది. మొన్న గాలిపటాన్ని చూసి మోగింది. అది మోగినప్పుడల్లా దిగితే నా మోకాళ్ళు నేలమాళిగలోనే ఉండిపోతాయి."

"మరి నిజంగా వస్తే?"

"నువ్వు కూస్తావుగా."

"నేను లేకపోతే?"

"ఎక్కడికి పోతావురా? పుట్టినప్పుడే మంత్రసాని వీపు మీద చరిస్తే గానీ కూత పెట్టని మొద్దువి. నువ్వు పోవడమూ ఆలస్యమే."

ఇవాళే ఆఖరి రోజని ఆమెకి చెప్పలేకపోయాడు. సాయంత్రం పిడి ఊడదీసి అప్పజెప్పాలి, రేపటినుంచి అన్నీ ఫోన్లే. చెబితే ఏడుస్తుందని కాదు. తిడుతుందని. పొద్దున్నే తిట్లు తినే ఓపిక లేక సంచి తగిలించుకుని బయటపడ్డాడు.

ఆ డాబా వాళ్ళ వంశానికి కౌలుకిచ్చినట్టే ఉండేది. తాత అక్కడ గంట కొట్టాడు. ఆ రోజుల్లో శత్రువు గుర్రాల మీద వచ్చేవాడు, దూరంగా వంతెన దగ్గర దుమ్ము లేచేది. తాత గంట కొడితే జనం గిన్నెలు మూటగట్టుకుని, మేకల్ని తోలుకుని, తలుపుకి తాళం వేశామా లేదా అని వెనక్కి వచ్చి చూసుకుని మరీ పోయేవాళ్ళు. నాన్న హయాంలో గుర్రాలు పోయి విమానాలొచ్చాయి, గంట పోయి సైరన్ వచ్చింది. ఆకాశంలో తుమ్మెద రొద వినపడగానే నాన్న తిప్పేవాడు. పొయ్యి ఆర్పి, చంటిదాన్ని చంకనేసుకుని దిగేంత వ్యవధి ఉండేది. కూతాయన చేతికి పిడి వచ్చేసరికి రాకెట్లు. పొయ్యి ఆర్పే పని లేదు, మెట్ల దాకా పరుగెత్తడమే. ఇప్పుడేమో ఈ పళ్ళేలంత రెక్కల యంత్రాలు. రొద లేదు, దుమ్ము లేదు. వచ్చి కిటికీ ముందు ఆగి లోపలికి తొంగి చూస్తాయి. చదువుకున్నవాళ్ళు దీన్ని పురోగతి అంటారు. కూతాయన లెక్కలో ప్రతి కొత్త ఆయుధమూ దొంగే. మనిషి దగ్గర మిగిలిన కాస్త వ్యవధినీ కోసుకుపోయే జేబుదొంగ.

మధ్యాహ్నం ఆయన ఉడికించిన గుడ్డు ఒలుచుకుంటుంటే సూపర్వైజరు రొప్పుతూ పైకొచ్చాడు. చెడ్డవాడు కాదు, పైనుంచి ఏది వస్తే అది కిందికి దించే మనిషి.

"పెద్దాయనా, సాయంత్రం పిడి సంగతి గుర్తుందిగా? ఇంకో మాట. ఆర్డరు లేకుండా మాత్రం తిప్పకండి. కంట్రోల్ రూముకి ఫోను చెయ్యాలి, వాళ్ళు సరే అనాలి. రెండు రకాల హెచ్చరికలతో జనం తికమక పడుతున్నారట."

"జనం తికమక పడట్లేదు బాబూ. మీ ఫోను మోగితే టీ పెట్టుకుంటున్నారు, నా కూత వింటే దిగుతున్నారు. ఇందులో తికమక ఏముంది?"

"నాతో అని ఏం లాభం చెప్పండి."

"ఎవరితో అంటే లాభమో వాళ్ళ నంబరు ఇవ్వు."

సూపర్వైజరు తల గోక్కుని దిగిపోయాడు.

గుడ్డు సగం తిన్నాడో లేదో, నీళ్ళ ట్యాంకు పక్కనుంచి అది వచ్చింది. తొందర లేకుండా, బజారులో బేరానికి వచ్చినదానిలా ఒక్కో మేడ ముందూ ఆగుతోంది. కూతాయన గుడ్డు కింద పెట్టి ఫోను నొక్కాడు.

"చెప్పండి సార్" అంది కంట్రోల్ రూము అమ్మాయి.

"మా వీధి మీదికి ఒకటి వచ్చిందమ్మా."

"మా తెర మీద ఏమీ లేదు సార్."

"నా కళ్ళ ముందుంది."

"పక్షి అయ్యుండొచ్చు సార్."

"పక్షి గాల్లో నిలబడి వంటింట్లోకి తొంగి చూడదు తల్లీ."

"పైవాళ్ళని అడుగుతాను, లైన్లో ఉండండి."

ఫోనులో పాట మొదలైంది. హాయిగా, మెత్తగా, పెళ్ళిలో భోజనాల వేళ వేసే పాటలాంటిది. కూతాయన కొద్దిసేపు ఆ పాట విన్నాడు. కింద వీధిలో తమ మూడో అంతస్తు కిటికీ తెరిచే ఉంది. అక్క ఆయన చొక్కా ఉతికి కిటికీకి ఆరేస్తోంది. ఆమె జేబులో ఫోను మోగలేదు. మోగినా ఆమె కదలదు.

"మీ పాట తగలెయ్య" అని ఫోను గోడ మీద పెట్టి పిడి పట్టుకున్నాడు.

అరతిప్పు. అరతిప్పు. తర్వాత కూత.

కిటికీలో చొక్కా ఆగిపోయింది. కిటికీ రెక్క మూసుకుంది. అంటే అక్క బయల్దేరిందన్నమాట. ఇక్కణ్ణుంచి కొలత ఆయన చేతిదే. రెక్క మూసుకున్నాక ఆమె మెట్లు దిగి, వాకిట్లోకి వచ్చి, వాకిలి దాటి నేలమాళిగ తలుపు పట్టుకునేదాకా తిప్పుతూనే ఉండాలి. అన్నేళ్ళలో ఏనాడూ అంతకు ముందు ఆపలేదు. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. జనం పిల్లల్ని ఎత్తుకుని దిగుతున్నారు.

యంత్రం వీధిని వదిలి, కూత ఎటునుంచి వస్తోందో అటు తిరిగింది.

ఆయన చూశాడు. చూసి, "రా, నీకూ వినపడిందా" అన్నాడు. భుజం మంటెక్కుతోంది. అక్క వాకిట్లోకి వచ్చింది. ఒక చెప్పు కాలికుంది, ఒకటి చేతిలో. నడిమధ్యలో ఆగి డాబా వైపు చూసి ఏదో తిట్టింది.

"నిలబడి తిట్టకే తల్లీ. నడుస్తూ తిట్టు" అన్నాడు కూతాయన, చేతిని ఆపకుండా.

ఆమె తలుపు పట్టుకుంది. లోపలికి వెళ్ళింది.

నేలమాళిగలో వాళ్ళకి ఎవరో పెద్ద తలుపు విసురుగా వేసినట్టు వినపడింది. ఆ తర్వాత కూత లేదు.

"ఇదేంటి ఇలా తెంపేశాడు" అంది అక్క. "ఎప్పుడూ చక్రాన్ని అరచేత్తో నెమ్మదిగా ఆపి గానీ వదలడే."

అప్పుడు ఆమె జేబులో ఫోను మోగింది. ప్రమాదం ఉందట, వెంటనే దిగమంటోంది.

సాయంత్రం పిడి తీసుకోవలసిన సూపర్వైజరు, డాబా మీద ముక్కలైన సైరన్ పక్కనుంచి దాన్ని నిజంగానే తీసుకున్నాడు. ఆఫీసుకి ఇవ్వలేదు. మూడో అంతస్తు ఎక్కి ఆమె చేతిలో పెట్టి, "ఇవాళే ఆఖరి రోజమ్మా, మీకు చెప్పే ఉంటారు" అన్నాడు. ఆమె పిడిని ఒళ్ళో పెట్టుకుంది. "చెప్పలేదు. వెధవ, తిడతానని చెప్పలేదు" అంది.

ఇప్పుడు మీరు పతకం పట్టుకుని వస్తారని తెలుసు. రావద్దు. విగ్రహమూ వద్దు. ముందు ఎగిరేవాటన్నిటినీ కిందికి దించండి. ఆ తర్వాత ఒట్టి చేతులతో వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె నడిచినట్టే నడిచి, ఒక్కో మెట్టూ దిగండి. కింద తలుపు దాకా. ఎంతసేపు పట్టిందో కొలుచుకోండి. ప్రపంచంలో అలాంటి మోకాళ్ళున్న ప్రతి మనిషికీ అంత వ్యవధి ఇచ్చేదాకా ఇంకొకటి తయారు చెయ్యొద్దు. మెట్లు తెలియవనొద్దు, మూడో అంతస్తులో తలుపు తీసే ఉంటుంది. గడప పక్కన, తడి ఆరని చొక్కా కింద ఆ పిడి ఉంటుంది. తమ్ముడి చెయ్యి కందకుండా ఆమె ఎప్పుడో దానికి చుట్టి కుట్టిన పాత దుప్పటి గుడ్డకి పొద్దుటి గ్రీజు ఇంకా జిడ్డుగానే ఉంది.