నైట్ షిఫ్టు వారంలో వేసిన ముఖం

"కుక్కర్ పెట్టకు" అన్నాడు జగదీశ్వర్, బొగ్గుగని డ్యూటీ నుంచి వచ్చి అన్నం తిని పడకగదిలోకి పోతూ. నైట్ షిఫ్టు వారంలో అతను భార్యకు చెప్పే ప్రేమ మాట అదే. శోభ కుక్కర్ పక్కన పెట్టి గిన్నెలో పప్పు వేసింది. ఆ వారమంతా సెంటినరీ కాలనీలోని వాళ్ళ క్వార్టర్లో పగలే రాత్రి. కిటికీలకు దుప్పట్లు, మిక్సీకి సెలవు, అత్తగారు పోశవ్వ దగ్గుకు కూడా కొంగు అడ్డం. శోభ పనులు మాత్రం ఎన్ని ఉండాలో అన్నీ ఉంటాయి, చప్పుడొక్కటే ఉండకూడదు.

బొమ్మలు వేయడంలో చప్పుడు లేదు కనుక అత్తింట్లో దానికెవరూ అడ్డం చెప్పలేదు. "మా ఆమెకు రంగు డబ్బాలిస్తే సాలు, ఇంట్ల ఉన్నదో లేదో గూడ తెల్వది" అని జగదీశ్వర్ ఒకసారి స్నేహితులతో అన్నాడు. అది మెచ్చుకోలో కాదో ఆమె ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇప్పుడు కాలనీ ఆడవాళ్ళ సంఘం బొమ్మల ప్రదర్శన పెట్టింది. ఎవరి బొమ్మ వాళ్ళే వేసుకోవాలి. ఈ సాయంత్రంలోగా సంఘం హాల్లో ఇచ్చేయాలి. శోభకు ఇదేమంత పని అనిపించింది. కాలేజీ రోజుల నుంచి ఎంతమంది ఆడవాళ్ళను వేసిందో. బిందెలు మోసేవాళ్ళు, జడ ముందుకేసుకున్నవాళ్ళు, పువ్వు వాసన చూస్తూ ఎటో చూసేవాళ్ళు. ఒక్కరికీ చెమట పట్టదు. ఒక్కరూ కడుపునిండా తిన్నట్టు ఉండరు. ఆ నడుములతో నిండు బిందె ఎలా మోస్తారని వేసినామెకు సందేహమైనా రాలేదు. మనం వాళ్ళను చూడాలి, వాళ్ళు మనల్ని చూడకూడదు, అదీ ఏర్పాటు. అలాంటివాళ్ళు చేతికి వాళ్ళంతట వాళ్ళే వస్తారు. తను మాత్రం రాలేదు.

ఇంట్లో నిలువుటద్దం పడకగదిలో బీరువాకుంది. లైటు వేస్తే మొగుడి నిద్ర చెడుతుంది. అందుకని రోజూ వంటయ్యాక ఆ చీకట్లోనే అద్దం ముందు కూర్చుని, తన ముఖాన్ని తానే వెతుక్కుంటూ వేసింది. వెనక మంచం మీద అతని పాదాలు కనిపిస్తే వాటినీ వేసింది. ఉన్నదున్నట్టు వేయాలని కాలేజీలో చెప్పారు మరి.

ఈ పొద్దున ఆ బొమ్మను వాకిట్లో ఎండకు పెడితే ముఖం ఆకుపచ్చగా ఉంది. చామనఛాయ అనుకుని చీకట్లో ఏం కలిపిందో. అది పోనీ. కళ్ళు తిన్నగా, రెప్ప వేయకుండా చూస్తున్నాయి, ఎవరినో పట్టుకుని అడగబోతున్నట్టు.

పోశవ్వ బయటికొచ్చి చూసి దండం పెట్టింది. "తల్లి మంచిగనే కుదిరింది బిడ్డా. ముక్కుపోగు మర్చినవ్."

"అమ్మవారు కాదత్తమ్మా. నేనే."

పోశవ్వ బొమ్మను చూసింది, కోడలిని చూసింది, దింపిన చేతులను ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకుంది. "గట్ల గుడ్లురుముడెందుకే? నిన్ను ఎవలేమన్నరు?"

ఎవరేమన్నారు? శోభ చెట్లకు నీళ్ళు పోస్తూ అదే ఆలోచించింది. కొట్టింది లేదు, తిట్టింది లేదు. కుక్కర్ పెట్టకన్నారు. అంతమాత్రానికి ఇంత చూపా? కోపమైతే తనకు తెలియాలి కదా. కోపం కాకపోతే ఏమిటది? చీకట్లో కళ్ళు చికిలిస్తే అలా వచ్చిందేమో అని సర్దిచెప్పుకుంది. చికిలించిన కళ్ళు చిన్నవవుతాయి. ఇవి పెద్దవి.

మధ్యాహ్నం లేచిన జగదీశ్వర్ చాయ్ తాగుతూ చాలాసేపు చూశాడు. "నా కాళ్ళెందుకేసినవ్?"

"అద్దంల కనవడ్డయి బావా."

"బొటనవేలుకు గోరు లేకుంట గూడ ఏసినవ్ గదా. డ్యూటీల అందరు గుర్తువడ్తరు, ఇజ్జత్ పోతది." తర్వాత మెల్లగా అన్నాడు, "పెండ్లి ఫొటో సూసి ఇంకోటి ఎయ్యి శోభా. జర తెల్లగ. నవ్వుకుంట."

అతని మాటలో చెడ్డతనం లేదు, అదే చిక్కు. శోభ ఆల్బమ్ తీసింది. పెళ్ళిలో చిన్నమ్మ ఆమె మెడ మీద చెయ్యి వేసి తల వంచి పట్టింది. తాళి కట్టేటప్పుడు రెప్పలు. తలంబ్రాలప్పుడు రెప్పలు. బిడ్డ సహస్ర పుట్టినప్పుడు బిడ్డ మీదికి వంగిన రెప్పలు. ఆల్బమ్ మొత్తంలో ఆమె కళ్ళు ఎక్కడా లేవు. తెల్లరంగు డబ్బా మూత తీసి కాసేపు కూర్చుని, మళ్ళీ బిగించింది.

సాయంత్రం హాల్లో పక్క క్వార్టర్ లిడియా టీచర్ బొమ్మలు తీసుకుంటోంది. గోడల నిండా నెమళ్ళ పక్కన నవ్వే ఆడవాళ్ళు. శోభ తెచ్చినదాన్ని చేతుల్లోకి తీసుకుని లిడియా గొంతు తగ్గించింది.

"అక్కా, ఇంత కోపం ఎవల మీద?"

"నాక్కూడ తెల్వది లిడియా. గోడకు పెట్టు. సూడవచ్చినోళ్ళల్ల ఎవలకన్న తెలుస్తదేమో."