గట్టిపడ్డ పాలు

నా చిన్నకోడలు ఝరణకు పెళ్ళయిన ఏడేళ్ళకు ఆడపిల్ల పుట్టింది. అంతగా ఎదురుచూసి కన్న పిల్లే, వారం తిరక్కుండానే దాని ఏడుపు వింటే తల్లికి వణుకు పుట్టడం మొదలైంది. పిల్ల గొంతు సవరించుకుంటే చాలు, ఝరణ కాలివేళ్ళు ముడుచుకుపోయేవి. కళ్ళు గట్టిగా మూసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని పాలిచ్చేది. చనుమొనలు రెండూ పగిలిపోయాయి. పిల్ల మూతి తుడిస్తే గుడ్డకు పాలతో పాటు నెత్తురు చార అంటేది.

"మొదట్లో అందరికీ ఇంతేనే. కాస్త ఓర్చుకో," అన్నాను.

"ఓర్చుకుంటూనే ఉన్నాను కదా అత్తా," అంది. ఆ మాట అన్న తీరుకే నేను ఊరుకోవలసింది. ఊరుకోకుండా వాము నీళ్ళు కాచాను, వెల్లుల్లి నేతిలో వేయించి అన్నంలో కలిపి పెట్టాను. పాలు ఇంకా ఎక్కువ పడ్డాయి. అదే చిక్కయింది.

ఎడమవైపు నొప్పి కొంచెం తక్కువని ఝరణ పిల్లను అటే పడుతూ వచ్చింది. కుడివైపు పాలు చేరి చేరి రొమ్ము రాయిలా గట్టిపడింది. చంక దాకా గడ్డలు కట్టాయి. పైన చర్మం ఎర్రబడి నిగనిగలాడుతోంది. రవిక గుడ్డ తగిలినా ఓర్వలేక చెయ్యి పక్కకు ఎత్తిపెట్టి కూర్చునేది. ఒకరోజు మధ్యాహ్నానికి చలిజ్వరం తగులుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి.

చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు తలా ఒకటి చెప్పారు. దిష్టి అందొకామె. ఆ వైపు పాలు పూర్తిగా మాన్పించెయ్, దానంతటదే ఇంకిపోతుంది అందింకొకామె. పెద్దాసుపత్రికి తీసుకుపోదామంటే ఆరోజు చిలికా సరస్సు మీద గాలి లేచింది. లాంచీ కట్టు విప్పలేదు. నా కొడుకులిద్దరూ రొయ్యల వలలతో సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి పోయి అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో మగదిక్కు లేదు. ఉండి మాత్రం ఏం చేస్తారులెండి.

వేడి గుడ్డ పెట్టి పిండబోయాను. ఝరణ నా మణికట్టు పట్టుకుని కరిచినంత పని చేసింది.

"చచ్చిపోతాను గాని దీని మీద చెయ్యి వెయ్యనివ్వను," అంది. అటు పిల్ల ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. చిన్న నోరు, చిన్న దవడలు. గట్టిపడ్డ రొమ్మును పట్టుకోవడం దానివల్ల కావట్లేదు. పట్టు జారిపోయి మొన చివరే నములుతోంది.

ఆ ఏడుపు పక్కవాటా దాకా వినపడుతూనే ఉంటుంది. పక్కవాటాలో నా పెద్దకోడలు సుకాంతి ఉంటుంది. మధ్యలో ఉన్నది వెదురుచాప గోడ. తుమ్మితే అవతలికి తెలుస్తుంది. కాని తొమ్మిది నెలలుగా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

ఎందుకంటే చెబుతాను. సుకాంతికి కొడుకు పుట్టినప్పుడు, ఇరవై ఒకటో రోజు పేరుపెట్టే వేడుక చేశాం. వచ్చిన ఆడవాళ్ళంతా బిడ్డను చేతుల్లోకి తీసుకుని దీవించారు. ఝరణ కూడా చేతులు చాపింది. సుకాంతి బిడ్డను వెనక్కి లాక్కుంది. "నువ్వు తర్వాత ఎత్తుకుందువులే," అంది. అంతే. అందరికీ అర్థమైంది. పిల్లలు లేనిదాని చెయ్యి పసిబిడ్డ మీద పడకూడదని. ఝరణ చాపిన చేతులు అలాగే వెనక్కి తీసుకుని, బయటికెళ్ళి ఎంగిలి గిన్నెలు తోమింది. అప్పటికే తన కడుపున పిల్ల పడిందని పాపం తనకే తెలీదు. ఆ సంగతి తెలిశాక కూడా ఝరణ సుకాంతి గడప తొక్కలేదు. పురుడొచ్చినా సుకాంతి ఇటు రాలేదు. మొహం చెల్లక రాలేదో, పౌరుషానికి రాలేదో నాకు తెలీదు.

ఆ మధ్యాహ్నం మాత్రం వచ్చింది. పది నెలల కొడుకు గోపాను చంకన వేసుకుని, చెంబుతో వేడినీళ్ళు పట్టుకుని, నన్ను పక్కకు జరగమన్నట్టు మోచేత్తో నెట్టి లోపలికొచ్చింది.

ఝరణ గోడవైపు తిరిగి పడుకుంది.

"నాతో మాట్లాడొద్దులే. మాట్లాడమని ఎవరడిగారు? రవిక విప్పు," అంది సుకాంతి.

"అత్తా, ఆమెను పొమ్మను."

"పోతాను. పిల్ల ఏడుపు ఆపు, పోతాను. పొద్దుట్నుంచీ ఆ ఏడుపు వింటుంటే నాకు పాలు కారిపోతున్నాయి. చూడు, జాకెట్టెలా తడిసిందో."

నిజంగానే తడిసిపోయి ఉంది. నాకు నవ్వొచ్చింది గాని నవ్వే సమయం కాదని ఊరుకున్నాను.

సుకాంతి మంచం అంచున కూర్చుని రొమ్మును చూసింది. ముట్టుకోలేదు. చూపు చాలు, దాని మొహం మారిపోయింది.

"ఇది ఖాళీ కావాలి. మాన్పిస్తే లోపలే చీము పడుతుంది. ఆసుపత్రిలో నేను పురుడు పోసుకున్నప్పుడు పక్కమంచం ఆవిడకు అలాగే అయితే కోసి తీశారు. నీ పిల్లకు లాగే బలం లేదు. నా వెధవకు ఉంది. వాడు లాగితే బావిలో నీళ్ళు కూడా పైకొస్తాయి," అని ఆగింది. తర్వాత గొంతు తగ్గించి, "వాణ్ణి నీ ఒళ్ళో వేస్తాను. నీ పిల్లను నాకియ్యి. నా పాలు తాగితే నీకేం అభ్యంతరం లేదుగా," అంది.

ఝరణ ఇటు తిరిగింది. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు లేదు. నా చేతులు నీ కొడుకు మీద పడితే నీకు కదా అభ్యంతరం," అంది.

పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు ఆగింది. సుకాంతి గోపాను రెండు చేతులా ఎత్తి, ఝరణ ఒళ్ళో పెట్టి, దాని చెయ్యి తీసి తనే వాడి వీపు చుట్టూ వేసింది.

"ఆ రోజు నాది పాడు నోరు. బుద్ధి కూడా పాడుదే," అంది. "ఇప్పుడు తిట్టుకుంటావా, పాలిస్తావా? రెండూ ఒకేసారి అయినా నాకు ఫరవాలేదు."

ఝరణ వాడి వంక చూసింది. వాడు దాని మొహం చూసి బొటనవేలు చీకడం ఆపి నవ్వాడు. కింద రెండు పళ్ళు మెరిశాయి.

"పళ్ళున్నాయి," అంది ఝరణ భయంగా.

"ఉన్నాయి. నాకు తెలీదా? కరిస్తే ముక్కు మూసెయ్, వదిలేస్తాడు."

సుకాంతి వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి రొమ్ము మీద కప్పింది. కాసేపాగి, మొన చుట్టూ వేళ్ళతో మెల్లగా నొక్కి రెండు చుక్కలు తీసింది. ఆ చోటు మెత్తబడ్డాక గోపా నోటికి అందించింది. వాడు ఒక్కసారే నోరు బార్లా తెరిచి పట్టుకున్నాడు. ఝరణ కేక పెట్టి నా భుజం పట్టుకుంది. దాని గోళ్ళు దిగిన గుర్తులు నాకు చాలా రోజులున్నాయి.

"ఓర్చుకో" అనడానికి ఈసారి నాకు నోరు రాలేదు. దాని తల నా ఛాతీకి ఆనించుకుని కూర్చున్నాను. సుకాంతి చంకవైపు నుంచి కిందికి అరచేత్తో మెల్లగా నిమురుతోంది. వాడు లాగుతున్నాడు, గుటకలు వినపడుతున్నాయి. ఒక గడ్డ కరిగింది. "జారింది, అక్కా, లోపలేదో జారింది," అంది ఝరణ. ఇన్ని నెలల తర్వాత అక్కా అన్న సంగతి అది గమనించుకోనేలేదు. సుకాంతి గమనించింది. తల వంచుకుని నిమురుతూనే ఉంది.

ఇంతలో పిల్లగాడు తల తిప్పాడు. వదిలిన రొమ్ములోంచి పాలు చిమ్మి వాడి చెవిలో పడ్డాయి. వాడు ఉలిక్కిపడి మమ్మల్నందర్నీ అనుమానంగా చూశాడు. ఝరణ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఆ ఏడుపు నొప్పి ఏడుపు కాదని నాకు తెలిసింది. దాని భుజాలు కిందికి దిగాయి. ఇన్నాళ్ళూ అవి చెవుల దాకా బిగుసుకుని ఉన్నాయని అవి దిగాక గాని నాకు తెలీలేదు.

అప్పుడు సుకాంతి పిల్లను తన దగ్గరికి తీసుకుంది. పిల్లకు పాలధార ఎక్కువై పొలమారింది, ఎక్కిళ్ళు వచ్చాయి, అయినా వదల్లేదు. కడుపు కాస్త నిండాక దాన్ని ఝరణ ఒళ్ళో పడుకోబెట్టి ఎలా పట్టాలో చూపించింది. "నువ్వు దాని మీదికి వంగకు, దాన్నే నీ దగ్గరికి తెచ్చుకో. మొనతో పెదవి మీద రాయి. ఆవలించినంతగా నోరు తెరిచేదాకా ఆగు. తొందరపడకు. గడ్డం ముందు తగలాలి. ఊఁ, ఇప్పుడు."

పిల్ల పట్టుకుంది. ఝరణ ఊపిరి బిగబట్టింది. కాసేపటికి ఆ ఊపిరి వదిలింది.

"నొప్పేదీ?" అంది అయోమయంగా.

"నన్నడిగితే?" అంది సుకాంతి.

సాయంత్రానికి ఒళ్ళు చల్లబడింది. మర్నాడు గాలి తగ్గి లాంచీ కదిలితే ముగ్గురం, ఇద్దరు పిల్లలతో ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ చూసి, చీము పట్టలేదు, సమయానికి ఖాళీ చేశారు అంది. మాత్రలు రాసింది. మాత్రలు వేసుకున్నా పాలివ్వచ్చని, నొప్పి ఉన్న వైపు అసలు మానొద్దని చెప్పింది. పుళ్ళకు పాలచుక్కే రాసి ఆరనివ్వమంది. పిండింది ఎవరని అడిగితే సుకాంతి కొడుకును చూపించింది. డాక్టరమ్మ నవ్వి వాడి బుగ్గ గిల్లింది.

పుళ్ళు మానడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. మధ్యలో ఒకసారి మళ్ళీ గడ్డ కట్టబోతే ఝరణ ఎవర్నీ పిలవకుండా తనే వేడి గుడ్డ పెట్టుకుని సర్దుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మాత్రం ఏమీ చెయ్యలేదు. చద్దన్నంలో కాల్చిన ఎండుచేప నంజుకుని రెండు గిన్నెలు తిన్నది. మూడోది అడిగింది. వడ్డించి తెచ్చేసరికి కూర్చున్నచోటే గోడకు ఆనుకుని, పిల్ల రొమ్ము దగ్గరుండగానే నిద్రపోయింది. నోరు తెరుచుకుని గురక కూడా పెట్టింది. లేపబుద్ధి కాలేదు. ఆ మూడో గిన్నె నేనూ సుకాంతీ గుమ్మంలో కూర్చుని తినేశాం.