ఒకే ప్లాట్‌ఫామ్ మీద రెండు బస్సులు

మా మరదలి గొంతు గురించి నేను చెప్పేది మీరు నమ్మకపోయినా నష్టం లేదు. నేను చెప్పేవాటిలో సగం మా ఆవిడే నమ్మదు.

బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తోందో చెప్పడం మా మరదలి ఉద్యోగం. మా ఆవిడకు సొంత చెల్లెలు. ఇంట్లో అందరం మైకమ్మ అంటాం. మంచి రోజుల్లో ఆవిడ "బయలుదేరడానికి సిద్ధంగా ఉంది" అంటే, బయలుదేరే బస్సు మాట అటుంచండి, షెడ్డులో చక్రాలు ఊడదీసి పెట్టిన బస్సు కూడా కాస్త ముందుకు జరిగేది. బ్రహ్మచెవుడున్న ముసలాయనొకడు ఆవిడ గొంతు విని, తప్పు బస్సు దిగి సరైన బస్సు ఎక్కాడు. కళ్ళారా చూశాను.

నాకు పనీపాటా లేదు. పొద్దున్నే గొడుగు పుచ్చుకుని వెళ్ళి, ఆవిడ గాజు గదికి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుంటాను. ఎక్కడికీ వెళ్ళను. వెళ్ళేవాళ్ళను చూస్తాను, దొరికినవాళ్ళకు కబుర్లు చెబుతాను.

ఆ గొంతు మారడం నేనే ముందు కనిపెట్టానని చెప్పుకుంటాను గానీ, నిజానికి బస్టాండంతా కనిపెట్టింది. బొంగురుపోయింది. మాటకూ మాటకూ మధ్య ఎడం పెరిగింది. "మూడో నంబరు" అని మొదలుపెట్టి "ప్లాట్‌ఫామ్" అనేసరికి నా పక్కనున్న కుర్రాడికి మీసాలొచ్చాయి.

"ఏం మైకమ్మా, మాటలు బావిలోంచి తోడుకుంటున్నావా?" అని కిటికీ దగ్గరికెళ్ళి అడిగాను.

"నవ్వండి బావగారూ, నవ్వండి. కుర్చీలోంచి లేస్తే ఒళ్ళు నాతో రావడం లేదు. అది వెనకాల బస్సులో వస్తోంది."

ఎండ మాడు పగలగొడుతుంటే ఆవిడ భుజాల మీద శాలువా ఉంది. తినేది తగ్గింది, బరువు పెరిగింది. ఎంత పడుకున్నా నిద్ర తీరదు.

వీధి చివర క్లినిక్‌లో డాక్టరు గొంతులోకి టార్చి వేసి చూశాడు. "రోజంతా మాట్లాడతారు కదా, ఈ వయసులో మామూలే," అని ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశాడు. ఆవిడ పుక్కిలించిన ఉప్పునీళ్ళన్నీ ఒకచోట పోగేసి ఉంటే వలేసి చేపలు పట్టుకునేవాళ్ళం. గొంతు మాత్రం రాలేదు.

ఇంతలో బస్టాండు కంట్రోలర్ ఆవిడ గదికి వచ్చాడు. మంచివాడే. మొహం మాత్రం ఎప్పుడూ ఆలస్యమైన బస్సులా పెట్టుకుంటాడు.

"అమ్మా, మీరు చెప్పేది జనానికి అందడం లేదు. నిన్న ఒక కుటుంబం వేరే బస్సెక్కి వెళ్ళిపోయింది. రికార్డు చేసిన గొంతు పెట్టమని పైవాళ్ళు యంత్రం కూడా పంపారు. వానలొచ్చి తగ్గేదాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే మిమ్మల్ని సామాన్ల గదికి మారుస్తాను. ఉద్యోగానికేం ఢోకా లేదు."

"ఉద్యోగానికి ఢోకా లేదట, నాకే ఢోకా," అంది మా మరదలు ఆ సాయంత్రం మా ఇంట్లో. "ఇన్నేళ్ళు మనుషులతో మాట్లాడి, ఇప్పుడు పెట్టెల మధ్య కూర్చోవాలా? పెట్టెలకు ఏం చెప్పను?"

ఏదో ఒక హాస్యం ఆడదామని నోరు తెరిచాను. ఆవిడ మొహం చూసి మూసేశాను.

మా ఆవిడ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "ఇదేమిటే, ఇంత చల్లగా ఉంది?" గడ్డం పట్టుకుని మొహం దీపం వైపు తిప్పింది. "నీ కనుబొమ్మల చివరలేమయ్యాయి?"

"పలచబడ్డాయి అక్కా. జుట్టూ రాలుతోంది. వయసేమో అనుకున్నాను."

"మన మేనత్త ఇలాగే కదటే ఉండేది? వేసవిలో రగ్గు కప్పుకునేది. ఆవిడకు థైరాయిడ్ అన్నారు. ఆ క్లినిక్ డాక్టరు నీకు ఆ పరీక్ష చేయించాడా?"

"అడిగాను. అన్నిటికీ పరీక్షలెందుకమ్మా అన్నాడు."

"అయితే ఇంకొకరి దగ్గరికి వెళ్దాం. పరీక్ష చేయమని నేనే అడుగుతాను. నాకేం మొహమాటం?"

మా ఆవిడకు మొహమాటం లేదన్న మాటలో మాత్రం నేను ఒక్క అక్షరం కలపలేదు.

పెద్దాసుపత్రిలో లేడీ డాక్టరు మా ఆవిడ చెప్పిందంతా విన్నది, మేనత్త రగ్గుతో సహా. మా మరదలి మెడ తడిమి చూసింది. మడమ వెనక చిన్న సుత్తితో తట్టింది. పాదం కాసేపు ఆలోచించుకుని అప్పుడు కదిలింది. "రక్తం పరీక్ష చేయిద్దాం. మీరు అడగడం మంచిదైంది," అంది.

ఫలితం వచ్చాక మళ్ళీ ముగ్గురం వెళ్ళాం.

"టీఎస్‌హెచ్ చాలా ఎక్కువుంది," అంది డాక్టరమ్మ.

"ఎక్కువుంటే మంచిదేగా," అన్నాను. మా ఆవిడ నా కాలు తొక్కింది.

"మెడలో ఉన్న థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోతే, దాన్ని లేపడానికి మెదడు కేకలేస్తుందండి. ఆ కేకే టీఎస్‌హెచ్. కేక పెరిగిందంటే అవతల పలకడం లేదన్నమాట. థైరాయిడ్ హార్మోను కూడా చూశాం, అది తక్కువగానే ఉంది."

"నాకు తెలీదా అమ్మా," అంది మా మరదలు. "డ్రైవరు విశ్రాంతి గదిలో నిద్రపోతే నేనూ అంతే, అరిచిన కొద్దీ అరుస్తాను."

డాక్టరమ్మ చిన్న మాత్ర రాసింది. రోజూ పరగడుపున వేసుకోవాలి, కొన్ని వారాలయ్యాక మళ్ళీ రక్తం చూడాలి, బహుశా జీవితాంతం వాడాల్సి రావచ్చు.

వారాలు గడిచాయి. వానలు వచ్చాయి, సగం పడి అలిసిపోయాయి కూడా. మా మరదలు ఒక్కరోజు మానకుండా మాత్ర వేసుకుంది. గొంతు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టుంది. మళ్ళీ పరీక్ష చేయిస్తే, మెదడు కేక పిసరంతైనా తగ్గలేదు.

మోతాదు పెంచుతుందేమో అనుకున్నాం. డాక్టరమ్మ కలం కింద పెట్టి, "మాత్ర ఎలా వేసుకుంటున్నారు?" అని అడిగింది.

"మీరు చెప్పినట్టే పరగడుపున. మొదటి బస్సు వేళకు మైకు ముందుండాలి కదా, అందుకని అదీ, ఐరన్ మాత్రా గుప్పిట్లో వేసుకుని ఒక్క గుక్క కాఫీతో మింగేస్తాను. మా బస్టాండులో అందరం అంతేనమ్మా. ఏ పనైనా ఒకటే ట్రిప్పు."

డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. "ఇంకేం మాత్రలు వాడుతున్నారని నేను మొదటే అడగాల్సింది. ఐరను దీన్ని ఒంటికి పట్టనివ్వదు, కాఫీ కూడా అడ్డమే. పొద్దున్నే ఇదొక్కటే, ఒట్టి మంచినీళ్ళతో వేసుకోండి. గంట ఆగి కాఫీ తాగండి. ఐరను కనీసం నాలుగు గంటలాగి, మధ్యాహ్నం."

మా మరదలు రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపించింది. "అర్థమైందమ్మా. ఒకే ప్లాట్‌ఫామ్ మీద రెండు బస్సులు పెట్టాను. లావుపాటిది అడ్డంగా నిలబడింది. చిన్నది బయటినుంచే హారన్ కొట్టి వెళ్ళిపోయింది."

"పోయిన కాలం కలిసిరావడానికి రోజుకు రెండేసి వేసుకుంటేనో?" అన్నాను.

"వద్దు. గుండె దడ పుడుతుంది," అంది డాక్టరమ్మ. మా ఆవిడ ఈసారి రెండో కాలు తొక్కింది.

మర్నాడు మా మరదలు తనే కంట్రోలర్ గదికి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర గొడుగు తుడుచుకుంటున్నట్టు నిలబడ్డాను.

"నాకున్న జబ్బేమిటో తెలిసిందండి. మందు సరిగ్గా పడడం ఇవాళే మొదలైంది. కుదురుకోవడానికి కాస్త టైం కావాలి."

కంట్రోలర్ ఆలస్యమైన బస్సులాగే చూశాడు. "కానీండి. ఆ యంత్రాన్ని ఇంకా విప్పనే లేదు. సామాన్ల గదిలోనే పడుంది."

అప్పటినుంచి మా ఇంట్లో ఫోను కోడికంటే ముందు కూసేది. "అక్కా, మొదటి బస్సు లోపలికొచ్చింది," అని మా మరదలు చెప్పేది, మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి. కాఫీ వేళకు "రెండోది" అని ఇంకోసారి. మధ్యాహ్నం ఐరను మాత్ర పేరు "లావుపాటిది".

ముందు శాలువా వదిలింది. తర్వాత ఒకరోజు నా మాటకు నవ్వింది, అంతకుముందులా మొహమాటానికి కాదు. గొంతు ఆఖరున వచ్చింది, ఊరంతా తిరిగి ఇల్లు చేరిన పిల్లిలా, చప్పుడు చేయకుండా. మూడోసారి రక్తం చూపిస్తే అంకె ఉండవలసిన చోటికి దిగింది. మాత్ర మానొద్దు, మళ్ళీ పరీక్షకు రమ్మంది డాక్టరమ్మ.

వాన వెలిసిన ఒక పొద్దున కంట్రోలర్ వచ్చి నా బెంచీ మీద కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చోడు. గాజు గదిలో మా మరదలు అతన్ని చూసింది, మైకు దగ్గరికి లాక్కుంది. కాయితం చూడకుండా, గుక్క తిప్పుకోకుండా, బస్సులన్నీ వరసగా చెప్పింది. ఎక్కడా గొంతు బొంగురుపోలేదు. చివర ఒక్క క్షణం ఆగింది.

"ప్రయాణికులకు మనవి. ఎదురుగా బెంచీ మీద గొడుగుతో కూర్చున్న పెద్దాయన ఏ బస్సూ ఎక్కరు. ఆయన కబుర్లు నమ్మి మీరు మీ బస్సు పోగొట్టుకోవద్దు."

జనమంతా నావైపు తిరిగారు. నేను గొడుగు చాటు చేసుకున్నాను. పక్కన కంట్రోలర్ భుజాలు కదులుతున్నాయి.

"అదైతే ఇలాంటివి చెప్పగలదాండీ?" అన్నాడు.

"ఏది?"

"సామాన్ల గదిలో ఉన్న యంత్రం. అక్కడే ఉండనిద్దాం." లేచి తన గదికి వెళ్ళిపోయాడు.

అదే సమయానికి షెడ్డులో ఆ చక్రాల్లేని బస్సు జానెడు ముందుకు జరిగింది. కావాలంటే మా ఆవిడను అడగండి. లేదంటుంది.