హెరన్స్‌కి తగిలిన దిష్టి

సీజన్ సగానికొచ్చిన ఆ జులై ఆదివారం, డోరిన్ బుద్ధెరిగాక మొట్టమొదటిసారి తమ ఊరి బేస్‌బాల్ జట్టు హెరన్స్ ఓడిపోవాలని కోరుకుంది. పైకి మాత్రం అనలేదు. క్లీవ్‌లాండ్‌లో ఆ ఇంటి వెనక వరండాలో కూర్చుని అలాంటి మాట అనడం, చర్చిలో కూర్చుని బూతులు తిట్టడంతో సమానం.

పక్కనే వాళ్ళమ్మ వెర్నా, ఒళ్ళో పొద్దుతిరుగుడు గింజల గిన్నె పెట్టుకుని, చెవి రేడియోకి అప్పగించి కూర్చుంది. టీవీ లోపలుంది గానీ, ఆ ముసలావిడకి రేడియోలో విన్నదే ఆట. ఆవిడ గుండెలో కవాటం ఒకటి పాడైంది. గురువారం కోసి బాగుచేస్తామన్నాడు డాక్టరు. సీజన్ అయ్యాక, అక్టోబరులో చూద్దామంది ఆవిడ. అన్నాళ్ళు ఆగితే తన పూచీ లేదన్నాడు ఆయన. తల్లీకూతుళ్ళు తెగ పోట్లాడుకుని చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. ఈ ఆదివారం ఆట ముగిసేసరికి హెరన్స్ డివిజన్‌లో మొదటి స్థానంలో ఉంటే, కనీసం ఇంకొకరితో సమానంగానైనా ఉంటే, ఆపరేషన్ వాయిదా. లేకపోతే గురువారమే.

అప్పటికి జట్టు నాలుగో స్థానంలో ఉంది. ఆ ధైర్యంతోనే డోరిన్ సరేనంది. కానీ మొదటి నాలుగు జట్లూ ఒకదాన్నొకటి తోసుకుంటూ నడుస్తున్నాయి. ఇవాళ పైనున్నది రేపు కిందుంటోంది. మధ్యాహ్నం మొదటి స్థానంలో ఉన్న చికాగో వాళ్ళు ఓడిపోయారు. ఈ ఆట గెలిస్తే హెరన్స్ వాళ్ళతో సమానమై పైకెక్కుతుంది.

గెలిచేలాగే ఉంది కూడా. ఒక్క పరుగు ఆధిక్యం. అది చాలదన్నట్టు, హెరన్స్ తరఫున బంతులు వేస్తున్న ఒలుండ్ అనే కొత్త కుర్రాడు ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా అవతలివాళ్ళకి ఒక్క హిట్ కూడా, అంటే బంతి కొట్టి బేస్ చేరే సందు, ఇవ్వలేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌లూ అలాగే ముగిస్తే అది జన్మకొకసారి దక్కే ఘనత. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనలేదు. అలాంటప్పుడు ఆ మాట ఎవరి నోటివెంట వచ్చినా కుర్రాడికి దిష్టి తగులుతుంది. రేడియోలో చెప్పేవాడు కూడా డొంకతిరుగుడుగానే నెట్టుకొస్తున్నాడు. చనిపోయిన డోరిన్ తండ్రి స్టాన్ అయితే ఒకసారి ఇలాంటి ఆటలో, కిడ్నీలో రాయి కదిలి మెలికలు తిరిగిపోతూ కూడా కుర్చీలోంచి లేవలేదు, కిక్కురుమనలేదు.

"కాళ్ళు ఆడించకే. కుర్చీ కిర్రుమంటోంది," అంది వెర్నా.

"ముందు నీ కాళ్ళు చూసుకో, ఎలా వాచిపోయాయో."

"వాచింది నా కాళ్ళేగా. ఆ కుర్రాడి చెయ్యి కాదుగా."

"ఎందుకమ్మా ఈ మంకుపట్టు? ఆపరేషనయ్యాక మంచంలో పడుకుని వినొచ్చుగా."

వెర్నా గింజ పొట్టు ఉమ్మింది. "కోశాక లేస్తానో లేవనో. లేవకపోతే ఈ ఏడు ఏమైందో తెలీకుండానే పోవాలి. కప్పు కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసి ఆట మధ్యలో లేచిపొమ్మంటావా?"

ఆ నాలుగు మాటలకే ఆవిడకి ఆయాసం వచ్చింది. భయమని చెప్పుకోలేక బేస్‌బాల్‌ని అడ్డం పెట్టుకుంటోందని డోరిన్‌కి అప్పుడు అర్థమైంది.

చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అవతలివాళ్ళు వరసగా ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోతుంది. వెర్నా నమలడం కూడా మానేసింది.

డోరిన్ లేచి నిలబడింది. ఆ ఇంట్లో అలాంటి సమయంలో ఎవరూ లేవరు.

"వీడు ఇంతవరకూ ఒక్క హిట్ కూడా ఇవ్వలేదమ్మా," అంది, రేడియో కంటే గట్టిగా.

వెర్నా చేతిలో గింజలు చేతిలోనే ఉండిపోయాయి. ఎవరో పరాయి మనిషిని చూసినట్టు కూతురి వంక చూసింది.

మరుసటి బంతికే రేడియోలో బ్యాటు ఠప్పుమంది. హిట్. అవతలివాళ్ళ ఊరి స్టేడియమంతా హోరెత్తింది. ఆ తరవాత వచ్చినవాడు మొదటి బంతినే ఆకాశంలోకి లేపాడు. ఎడమవైపు, వెనక్కి, ఇంకా వెనక్కి అంటూ రేడియో గొంతు పైకి లేస్తోంది. గోడ దాటితే, బేస్ మీదున్నవాడితో కలిపి రెండు పరుగులు వస్తాయి, హెరన్స్ ఓడిపోతుంది, గురువారం ఖాయమవుతుంది. దాటు, దాటు, అనుకుంది డోరిన్ పళ్ళు బిగించి. ఫీల్డరు గోడకి వీపు ఆనించి బంతి పట్టేశాడు.

హెరన్స్ గెలిచింది. డోరిన్ కుర్చీలో కూలబడి, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. సొంత జట్టుకి ద్రోహమూ చేసింది, అమ్మనీ ఒప్పించలేకపోయింది.

వెర్నా రేడియో కట్టేసింది.

"కావాలనే అన్నావు."

"ఆఁ. కావాలనే."

"ఆ కుర్రాడు మళ్ళీ జన్మలో అంతదాకా వస్తాడో రాడో."

"రాకపోతే రాకపోనీ."

ముసలావిడ గిన్నె కూతురి ఒళ్ళో పెట్టింది.

"పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చెయ్యి. గురువారం వస్తున్నానని చెప్పు."

డోరిన్ తలెత్తింది. "గెలిచారు కదమ్మా."

"గెలిచారులే. నాకోసం వాళ్ళనే కాదనుకున్నావు, ఇక నీతో ఏం వాదించను?" అంది వెర్నా. "ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. డాక్టర్లు నన్ను కోస్తున్నంతసేపూ బయట కుర్చీలోంచి లేవకు. అంతా బాగానే జరుగుతోందని ఎవరితోనూ అనకు."