గన్నెయ్య బావ బొటనవేలు

ఉప్పుమడి మీద నిలబడి ఉన్నాం, నేనూ గన్నెయ్య బావా. కాళ్ల కింద ఉప్పు పెటపెటలాడుతోంది, ఒకసారి ఉప్పులా ఉంది, ఒకసారి బావ లేత్ షెడ్డులో రాలే ఇనుప రజనులా ఉంది. పైన మా పసుపుపచ్చ రిమోట్ విమానం తిరుగుతోంది, దాని ఇంజను చప్పుడు మాత్రం నా గుండెలోంచి వస్తున్నట్టుంది. బావ పోయి ఏడాది కావస్తోందని నాకు తెలుసు. ఆ మాట ఆయన దగ్గర ఎత్తకూడదనీ తెలుసు, ఎత్తితే చేతిలో రిమోట్ వదిలేస్తాడేమోనని నా భయం.

"గాలి ఎటుందిరా నూకరాజూ?" అంటాడు పైకే చూస్తూ.

"సముద్రం వైపు నుంచి బావా."

"సముద్రం ఏదీ?"

చూస్తే నిజంగానే లేదు. అది ఉండాల్సిన చోట షామియానా వేసి ఉంది, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలో బావ భార్య భూలక్ష్మక్క కూర్చుని, ఎండకి నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తోంది. సంవత్సరీకం రేపే. "ఆయన విమానం ఒక్కసారి ఎగరేసి చూపించు తమ్ముడూ, ఆయన తిప్పినట్టే తిప్పు, ఇంకెప్పుడూ అడగను" అంది అక్క, నేను సరేనన్నాను, అన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. ఇద్దరం కూర్చుని పుల్లపుల్లా అతికించి చేసిన విమానం అది, రేపు ఆమె కళ్లముందు ముక్కలైతే బావ రెండోసారి పోయినట్టే కదా.

బావ విమానాన్ని పక్కకి వాల్చేస్తాడు, ఒక రెక్క నేలకీ ఒక రెక్క మబ్బుకీ పెట్టి, పొట్ట మా వైపు తిప్పి, కొబ్బరిచెట్టంత ఎత్తులో దారం పట్టినట్టు తిన్నగా తీసుకుపోతుంటాడు. ఊళ్లో అందరూ పనులు మానుకుని చూసేది ఈ ఆటే. నేను నోరు తెరుచుకుని చూస్తుంటాను, అంతలో ఆయన "ఇదిగో పట్టు" అంటూ, టీ గ్లాసు అందించినట్టు, రిమోట్ నా చేతుల్లో పెట్టేస్తాడు.

"ఇప్పుడా! దించాక ఇయ్యి బావా!"

"దించేది నువ్వేగా."

నా బొటనవేలు ఎడమ స్టిక్ మీదకి వెళుతుంది. దాని తలకి బావ తన వేలు జారకుండా చుట్టుకున్న సైకిల్ ట్యూబు ముక్క అలాగే ఉంది. ఆయన పోయాక ఆ రిమోట్‌లో ఒక్క సెట్టింగూ నేను ముట్టుకోలేదు. తోకలో ఉండే రడ్డర్‌ని పక్కకి తోస్తాను, పోయిన ఆదివారం నేనొక్కణ్నే ఎగరేసినప్పుడు జరిగినట్టే జరుగుతుంది, విమానం తిన్నగా పోవడం మానేసి పొట్ట వైపుకి, అంటే మా వైపుకి, షామియానా వైపుకి, మెల్లగా ఒంపు తిరుగుతుంది.

"లాగేత్తంది బావా!"

"లాగదేటి మరి."

"బ్యాటరీ వెనక్కి జరిపాను, తోక సరిచేశాను, అయినా పోలేదు!"

"ఏడిశావ్. విమానానికి రోగం ఉంటేగా పోడానికి." ఎడమ బొటనవేలు నా ముక్కు దగ్గర పెడతాడు. ఎప్పుడో లేత్‌లో పడి నలిగి, అల్లంకొమ్ములా వంకర తిరిగిన వేలు. "ఈ వేలుతో రడ్డర్ పక్కకి తోస్తే స్టిక్ కాస్త కిందకి కూడా వచ్చేసేది, ముక్కు లేచిపోయేది. అందుకని రడ్డర్ తోసినప్పుడల్లా ముక్కు కొంచెం దిగేలా రిమోట్‌లో సెట్టింగు కలిపి పెట్టుకున్నాను. నీ వేలు తిన్నగా ఉంది కదరా, ఇంక ఆ దిగడం ఒక్కటే మిగిలింది. పక్కకి వాలి ఉన్నప్పుడు ముక్కు దిగడమంటే పొట్ట వైపుకి తిరగడమే. నా వంకరకి వేసుకున్న విరుగుడది, విమానానికి కాదు."

"మరి నాకు చెప్పాలి కదా!"

"నువ్వడిగితేగా! నేను ఏం చేసినా అదేదో మంత్రం అన్నట్టు నోరు తెరుచుకుని చూసేవోడివి."

విమానం పెద్దదవుతోంది, పసుపుపచ్చ పొట్ట మీద మేం అంటించిన ఎర్ర చారలు కూడా కనబడుతున్నాయి. అక్క కుర్చీలోంచి లేవదు. అంత దూరంలో ఉన్నా నా చెవి పక్కనే అంటుంది, "అచ్చం ఆయన తిప్పినట్టే ఉంది తమ్ముడూ." లెమ్మని అరవబోతాను, నోట్లో ఉప్పు.

"తీసెయ్," అంటాడు బావ. "ఆ సెట్టింగూ తీసెయ్, ఆ రబ్బరూ తీసెయ్. నీ చేత్తో తోలు."

"తియ్యను. నీ చెయ్యి అని మిగిలింది ఇదొక్కటే."

"ఓహో. నన్ను దాచుకోడానికి మీ అక్క మీదకి విమానం తోలతావా?"

ఇంజను ఆగిపోతుంది. ఇంత శబ్దం ఒక్కసారిగా ఎటు పోయిందో తెలీదు, ముందు తిరిగే రెక్క పుల్లలా నిలబడిపోయింది, ఇంక మళ్లీ పైకి లేపి ఇంకోసారి ప్రయత్నించడం ఉండదు. గోటితో రబ్బరు పీకుతాను, రాదు, ఎండకి కరిగి స్టిక్‌తో ఒకటైపోయింది. బావ చెయ్యి నా చేతి మీద పడుతుంది, లేత్ ఆయిల్ వాసన, వంకర వేలు నా వేలి మీద ఆనుతుంది. "పీకరా," అంటాడు, ఈసారి తిట్టడం లేదు, బతిమాలుతున్నాడు. కళ్లు మూసుకుని పీకేస్తాను.

కళ్లు తెరిస్తే మిట్టమధ్యాహ్నం, కరెంటు పోయి నెత్తిమీద ఫ్యాన్ ఆగి ఉంది, బనియను తడిసి ఒంటికి అంటుకుపోయింది. పడుకునే ముందు బల్ల మీద పెట్టిన రిమోట్ పెట్టినచోటే ఉంది. ఎడమ స్టిక్ మాత్రం బోసిగా కనిపిస్తోంది. వంగి చూస్తాను. ఎండలకి పెళుసెక్కిన ట్యూబు ముక్క తెగి, బల్ల కింద గచ్చు మీద పడి ఉంది, ఇంకా దేన్నో పట్టుకుని ఉన్నట్టే వంకర తిరిగి.