తెర మీద ఇంటాయన పేరు

గుడ్డ కోసేటప్పుడు కత్తెరమ్మ ఎవరితోనూ మాట్లాడదు. సోఫాకి తొడుగు కుట్టాలంటే ముందు పెద్ద బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీత గీసి, అంచున కత్తెర ఆనించాక చివరికంటా ఒకే ఊపున పోవాలి. మధ్యలో చెయ్యి ఆగిందా, అక్కడ అంచు మెట్లు పడుతుంది. అది కుట్టులో ముడతై, కొన్నవాళ్ళ కంట్లో నలుసై కూర్చుంటుంది. ఆమె కోసిన గుడ్డలో మెట్టు అన్నది లేదు కాబట్టే వీధిలో అందరూ అసలు పేరు మర్చిపోయి కత్తెరమ్మ అనడం మొదలుపెట్టారు.

సరిగ్గా ఆ కోత మధ్యలో మోగేది ఫోను.

ఎత్తితే అవతల మాట ఉండదు. ఊపిరి వినిపిస్తుంది. ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు. "ఎవరండీ? సోఫా పనా?" అని అడిగితే ఊపిరి ఇంకాస్త దగ్గరవుతుంది. ఈమెకి విసుగొచ్చి గొంతు పెంచే దాకా ఆగి, అప్పుడు తృప్తిగా పెట్టేసేవాళ్ళు. ఎత్తకుండా ఊరుకుందామంటే కుదరదు. కొత్త బేరాలన్నీ ముక్కూ మొహం తెలియని నంబర్ల నుంచే వస్తాయి. తిరిగి చేస్తే ఎత్తరు.

"బ్లాక్ చేసి పారెయ్యి. ఎవడో పనిలేనివాడు," అన్నాడు భర్త. ఆయన వ్యాను నడుపుతాడు. తయారైన సోఫాలు దించి రావడం, స్పాంజి, గుడ్డ తాన్లు మోసుకు రావడం ఆయన పని. నంబరు చూపిస్తే ఒకసారి అలా చూసి ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"బ్లాక్ చేస్తే ఎవరో ఎప్పటికీ తెలీదు. నాకు తెలియాలి," అంది ఆమె.

"తెలిస్తే ఏం చేస్తావు?"

"అది తెలిశాక చెప్తాను."

పోలీసుల దగ్గరికీ వెళ్ళింది. చంపుతానని ఏమైనా అన్నారా అని అడిగారు. ఏమీ అనరండీ, ఊపిరి పీలుస్తారంతే అంటే, రాసుకుంటున్నాయన కలం మూత పెట్టేసి నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి చాలాకాలం ఒంటికి అంటుకుని ఉండిపోయింది.

తర్వాత ఫోనులో మాటలు మొదలయ్యాయి. గుసగుసగా, ఆడో మగో తెలియని గొంతు. మొదటిసారి అన్నది ఇదీ: "ఇంకా బతికే ఉన్నావా?"

ఇంకో రోజు: "కొత్త కర్టెన్లు బాగున్నాయి. శవం మీద కప్పడానికి సరిపోతాయి."

కత్తెరమ్మ చేతిలో సుద్దముక్క విరిగింది. ఆ కర్టెన్లు ముందురోజే తగిలించింది, పడకగదిలో. వీధిలోకి కనపడని కిటికీ అది. కనపడేది ఒక్క ఎదురింటి మేడ మీదికే. అక్కడ గడియారాలు బాగుచేసే ఆయన ఒంటరిగా ఉంటాడు. పొద్దస్తమానం కంటికి భూతద్దం తగిలించుకుని కిటికీ దగ్గరే కూర్చుంటాడు. ఇంకేం కావాలి? రుజువు దొరికినట్టే అనుకుంది. ఆ సాయంత్రం ఆయన పాలపాకెట్టు కోసం కిందికి దిగితే, నలుగురూ చూస్తుండగా నడివీధిలో నిలదీసింది.

"ఈ వయసులో ఆడవాళ్ళ పడకగదిలోకి తొంగిచూడ్డానికి సిగ్గులేదూ? ఆ భూతద్దం అందుకేనా?"

ఆయన చుట్టూ చేరినవాళ్ళ వంక ఒకసారి చూశాడు. పాలపాకెట్టు అక్కడే గట్టు మీద వదిలేసి మెట్లెక్కిపోయాడు. అలా వెళ్ళిపోవడాన్ని కూడా ఆమె నేరం కిందే జమకట్టింది. మర్నాటి నుంచి ఆ కిటికీకి లోపల్నుంచి అట్టముక్క అడ్డం పెట్టేశాడు. వెలుతురు లేకపోతే గడియారం పని చేసుకోలేడని ఆమెకి తెలుసు. తెలిసీ, తగిన శాస్తి జరిగిందనుకుంది.

ఫోన్లు మాత్రం ఆగలేదు.

ఆ ఫోను ఎన్నాళ్ళనుంచో అప్‌డేట్ చేసుకో, అప్‌డేట్ చేసుకో అని ప్రాణం తీస్తోంది. కోతలో ఉన్నప్పుడు తెర మీద ఆ పెట్టె కనపడితే బొటనవేలితో పక్కకి తోసేసేది. ఒకరోజు ఒక కుర్చీకి స్ప్రింగులు బిగిస్తూ, ఛార్జింగ్ పెట్టిన ఫోను వంక చూడలేదు. చూసేసరికి అది తనంతట తానే ఆరిపోయి, వెలిగి, మొహం మార్చుకుని కూర్చుంది. అక్షరాలు లావెక్కాయి. ఎత్తే బొత్తాం నొక్కితే పలకడం లేదు, పక్కకి లాగాలట. రెండు బేరాలు ఆ లాగడం చేతకాకే పోయాయి. ఫోను తయారుచేసినవాళ్ళని, వాళ్ళ ముందు తరాలని, రాబోయే తరాలని కలిపి తిట్టింది.

అయితే ఒక వింత గమనించింది. తను ఎప్పుడూ పేరు ఎక్కించని నంబర్ల నుంచి కాల్ వచ్చినా, పైన ఇంటిపేరుతో సహా ఎవరిదో పేరు పడుతోంది. వీధి మొగలో సెల్‌ఫోన్ల దుకాణం ఆవిడని అడిగింది.

"ఇది కొత్తగా వచ్చిందమ్మా. సిమ్ ఎవరి పేరు మీద తీసుకున్నారో ఆ పేరు కంపెనీవాళ్ళే చూపిస్తున్నారు. దొంగ కాల్స్ ఎక్కువయ్యాయి కదా. కొత్త అప్‌డేట్ ఉన్న ఫోన్లలోనే వస్తుంది," అంది ఆవిడ.

"ఎవరు చేసినా పేరు పడుతుందా?"

"కాగితాల్లో ఏ పేరుంటే ఆ పేరు."

కత్తెరమ్మ ఇంటికి వచ్చి, కావాలని గుడ్డ పరిచింది. కోత మొదలుపెట్టింది. అన్నాళ్ళూ పళ్ళు నూరుతూ ఎత్తిన ఫోను కోసం ఇప్పుడు చెవులు రిక్కించి కూర్చుంది. అవతలివాళ్ళకి ఎలా తెలుస్తుందో గాని ఆ రోజంతా మోగలేదు. మర్నాడు సగం కోతలో మోగింది. చూసింది. అదే నంబరు. దాని మీద పేరు.

భర్త పేరు. ఇంటిపేరుతో సహా, పెళ్ళి శుభలేఖ మీద అచ్చేసినట్టు, పూర్తిగా.

ఆయన మామూలు నంబరు ఆ ఫోనులో 'వ్యాన్' అని ఉంటుంది. ఇది అది కాదు. ఆమె ఎత్తలేదు. మోగి మోగి ఆగేదాకా ఆ అక్షరాల వైపే చూస్తూ నిలబడింది. గుడ్డ మీద కత్తెర ఎక్కడ ఆగిందో అక్కడ పెద్ద మెట్టు పడింది.

భర్త స్పాంజి పలకలు నెత్తిన పెట్టుకుని లోపలికొచ్చేసరికి ఆమె బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. పని వేళ కూర్చోవడం ఆమె అలవాటు కాదు.

"ఒంట్లో బాగోలేదా?" అన్నాడు.

"ఈ ఫోను మీ దగ్గరుందా, ఇంకెవరికైనా ఇచ్చారా?"

"ఏ ఫోను?"

ఆమె తెర చూపించింది. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. నెత్తి మీది పలకలు ఒక పక్కకి జారి కింద పడ్డాయి.

"నేను కాదు. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెందుకు, నేను చచ్చినా మీకు పోయేదేముంది? ఈ పేరు మీదే కదా."

"నా పేరే. కానీ..." ఆయన గోడ వైపు చూశాడు. ఏదో గుర్తొచ్చినవాడి మొహం అది. అంతలోనే, గుర్తొచ్చినందుకు తనని తాను తిట్టుకుంటున్నవాడి మొహం. "అక్క ఇల్లు మారినప్పుడు దాని కాగితాల్లో చిరునామా తేడా వచ్చింది. సిమ్ ఇవ్వనన్నారు. నా పేరు మీద ఒకటి తీసిచ్చాను. తర్వాత దాని నంబరు దానికొచ్చింది. ఇది పారేసిందనుకున్నాను."

కత్తెరమ్మ లేచింది. "వ్యాను తియ్యండి," అంది.

"ఇప్పుడా? ముందు నేను ఫోను చేసి కనుక్కుంటాను."

"ఫోనులు చాలు."

వ్యాను బయల్దేరింది. కూడలి దగ్గర ఆయన మెల్లగా, "అక్క నన్ను చిన్నప్పుడు..." అని మొదలుపెట్టబోయాడు. ఆమె కిటికీ అద్దం దించింది. రోడ్డు రొదలో ఆ మాట కొట్టుకుపోయింది.

వదినగారు వంటింట్లో గిన్నెలు తోముతోంది. కుళాయి సరిగ్గా మూసుకోదు, తోమడం ఆపినా కారుతూనే ఉంది. కత్తెరమ్మ గుమ్మంలోనే ఆ చప్పుడు గుర్తుపట్టింది. ఇక అడగవలసింది ఏమీ మిగల్లేదు. అయినా తన ఫోను తీసి ఆ నంబరు నొక్కింది. బియ్యం డబ్బా వెనకాల నుంచి సన్నగా మోత వచ్చింది.

భర్త అక్కడే పీట మీద కూలబడ్డాడు.

వదినగారు చేతులు తుడుచుకుంది. కంగారు పడుతుందని, ఏడుస్తుందని కత్తెరమ్మ వ్యాన్లో వస్తూ ఊహించుకుంది. ఆవిడ మాత్రం తువ్వాలు మడిచి దండెం మీద ఆరేసి, తీరిగ్గా ఇటు తిరిగింది.

"ఎవరు చెప్పారు?"

"మీ తమ్ముడి పేరు పడింది వదినా, నా ఫోనులో."

"ఓహో. అవి కూడా వచ్చాయా," అంది ఆవిడ, ఊళ్ళోకి కొత్త బస్సు వచ్చిందని విన్నట్టుగా. "అయితే ఏమంటావు ఇప్పుడు?"

"ఎందుకు చేశారు అంటాను."

"నీ గొంతులో విసుగు వింటే నాకు హాయిగా ఉంటుంది. అందుకు."

భర్త తలెత్తాడు. "అక్కా."

"నువ్వు మాట్లాడకురా. ఇది నాకూ దానికీ." ఆవిడ మరదలి వైపు ఒక అడుగు వేసింది. "వాడికి అన్నం తినిపించింది నేను, బడికి పంపింది నేను. నువ్వొచ్చాక ఎప్పుడు మీ ఇంటికి ఫోను చేసినా, 'ఆయన పనిలో ఉన్నారు వదినా' అని పెట్టేసేదానివి. గుర్తుందా? ఒక్కసారన్నా 'ఎలా ఉన్నారు వదినా' అన్నావా? నేను మాట్లాడితే పెట్టేశావు. సరే, మాట్లాడకుండా ఫోను చేద్దామనుకున్నాను. అప్పుడు పెట్టెయ్యలేదు చూశావా? ఎవరు, ఎవరు అని ఎంతసేపు అడిగేదానివో."

అందులో అబద్ధం లేదు. 'ఆయన పనిలో ఉన్నారు' అన్న మాట తను ఎన్నిసార్లు అందో కత్తెరమ్మకి తెలుసు. ఆయన పక్కనే కూర్చుని తింటున్నప్పుడు కూడా అంది. ఆ సంగతి లోపల ముల్లులా గుచ్చుకుంది గాని పైకి రానివ్వలేదు.

"శవం మీద కప్పే కర్టెన్లు అన్నారే. నా పడకగది మీకెలా కనిపించింది?"

వదినగారు నవ్వింది. అంతసేపట్లో అదే మొదటి నవ్వు. తమ్ముడి వైపు గడ్డం ఎత్తి చూపింది.

"వాణ్ణి అడుగు. రోజూ పొద్దున్న వ్యాను తియ్యగానే నాకే కదా చేసేది. కర్టెన్ల రంగు చూస్తే నిద్ర పట్టడం లేదక్కా అన్నాడు. కూర ఉడకలేదక్కా అన్నాడు. గుడ్డ కోసేటప్పుడు పలకరిస్తే కరుస్తుందక్కా, ఆ వేళకి ఇంట్లో ఉండాలంటే భయమక్కా అన్నాడు. నీ కాపురమంతా నా వంటింట్లోనే జరుగుతోంది తల్లీ. నువ్వెక్కడున్నావో నీకే తెలియాలి."

కత్తెరమ్మ భర్త వైపు తిరిగింది. ఆయన అక్క మొహమూ చూడలేదు, ఆమె మొహమూ చూడలేదు. కారుతున్న కుళాయి కట్టడానికి లేచాడు. ఎంత తిప్పినా అది మూసుకోలేదు.

"కోసే వేళ ఎప్పుడో కూడా మీరే చెప్పారన్నమాట," అంది ఆమె.

"ఊరికే చెప్పుకున్నాను. ఇలా చేస్తుందని నాకేం తెలుసు?"

"నాకు చెప్పుకోలేకపోయారా?"

ఆయన మళ్ళీ ఆ కుళాయినే తిప్పసాగాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె వ్యాను ఎక్కలేదు. బస్సులో వచ్చింది. దిగాక ఇంటికి పోకుండా ముందు ఎదురింటి మెట్లెక్కింది. గడియారాలాయన తలుపు కొంచెమే తెరిచాడు. లోపల పట్టపగలే దీపం వెలుగుతోంది.

"తప్పు నాదండీ. మీరు కాదని తేలింది. క్షమించండి," అంది.

"వీధిలో అన్నారు కదమ్మా," అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అదే ఆమెకి భరించరానిదిగా ఉంది. "ఇది గుమ్మంలో చెప్తున్నారు." తలుపు మెల్లగా మూసేశాడు.

అందుకని ఆ సాయంత్రమే, పాలకోసం జనం చేరే వేళ, నడివీధిలో నిలబడి ఆ మాటే గొంతెత్తి చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు ఎవరో మరి ఆ ఫోను చేసింది అని ఆరా తీశారు. పైన కిటికీ అట్ట తొలగలేదు. చాలాకాలం తొలగలేదు.

సిమ్ మూయించాలంటే దాని యజమానే రావాలన్నారు కంపెనీ ఆఫీసులో. భర్త ఇవాళ కుదరదు, రేపు టైరు పంక్చరు అంటూ వాయిదాలు వేశాడు. చివరికి ఆమె వెళ్ళి వ్యాన్లో కూర్చుంది, సోఫాని ఎక్కించినట్టు కదలకుండా. ఆఫీసులో కౌంటరు అమ్మాయి ఆయన వేలు యంత్రం మీద పెట్టించి, "ఎందుకు మూసేస్తున్నారు సార్?" అని అడిగింది.

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె సాయం చెయ్యలేదు.

"మా అక్క... వాడటం లేదండీ," అన్నాడు.

"వాడుతోంది. అందుకే," అంది కత్తెరమ్మ.

వదినగారు ఊరుకోలేదు. తన సొంత నంబరు నుంచి తమ్ముడికి ఫోను చేసి, నీకూ నాకూ ఇక చెల్లు అంది. నాలుగు రోజులు పోయాక మళ్ళీ చేసింది. ఆయన వ్యాను ఒక పక్కకి ఆపి ఎత్తాడు, కానీ అలవాటైన ఏ మాటా నోటికి రాలేదట. బాగున్నావా అంటే బాగున్నాను అన్నాడు. కూర ఎలా ఉంది అంటే బాగుంది అన్నాడు. అంతటితో అక్కకి తమ్ముడితో మాట్లాడ్డానికి ఏమీ లేకుండా పోయింది. ఫోన్లు పలచబడ్డాయి. పగ మాత్రం పలచబడలేదు. ఒక పెళ్ళిలో ఎదురుపడితే ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు తేరిపార చూసుకుని, చెరో వరసలో కూర్చున్నారు.

ఇంట్లో ఫోను నిశ్శబ్దంగా ఉంది. కోత మధ్యలో ఎవరూ ఆపడం లేదు. అయినా కొన్ని వారాలు ఆమె కత్తెర సాఫీగా సాగలేదు. ఆయన గదిలో ఉంటే, ఈ మనిషి ఏం దాచుకుంటున్నాడో అని వెన్ను మీద ఏదో పాకినట్టుండేది. ఆయనా పిల్లిలా నడిచేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన కంచం ముందు కూర్చుని ఒక ముద్ద తిని ఆగిపోయాడు. మామూలుగా అయితే తినేసి వ్యాను దగ్గరికి పోయి ఫోను తీసేవాడు. ఆ రోజు కంచాన్ని కాస్త ముందుకు నెట్టాడు.

"కూర ఉడకలేదు," అన్నాడు. దెబ్బలాటకి దిగినవాడిలా ఉన్నాడు. "ఆ కర్టెన్లు కూడా నాకు నచ్చలేదు. మొదటి రోజునుంచీ నచ్చలేదు. నువ్వు గుడ్డ కోసేటప్పుడు నా వంక చూసే చూపు అసలే నచ్చదు."

కత్తెరమ్మ మూకుడు ఠప్పున దించింది.

"నాకు మీరు నచ్చడం లేదు. ఇంకా ఏముందో అంతా చెప్పండి. ఒక్కటి మిగిలినా ఊరుకోను," అంది కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటూ.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. చాలానే ఉంది. ఆమె దగ్గరా తక్కువ లేదు. పక్కవాళ్ళు గోడ మీద కొట్టి నెమ్మది అనేదాకా ఇద్దరూ గొంతులు దించలేదు.